ఇంటి దగ్గరే సంరక్షణ: నర్సు పనీ కాదు, ఇంటి పనీ కాదు

"అమ్మను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి." ఇంట్లో పెద్దావిడ కాలుజారి పడ్డాకో, పక్షవాతం వచ్చిన నాన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాకో చాలా కుటుంబాల్లో వినిపించే మొదటి మాట ఇదే. ఆ "చూసుకోవడం" అంటే ఏమిటని అడిగితే మాత్రం ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. కూతురి దృష్టిలో అది స్నానం చేయించడం. కొడుకు దృష్టిలో రాత్రిపూట తోడు పడుకోవడం. వంటలో కూడా కాస్త చెయ్యి సాయం దొరికితే బాగుండునని కోడలికి ఉంటుంది. డాక్టరేమో రోజూ షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వాలన్నారు. వచ్చిన మనిషి నెల తిరక్కుండానే మానేస్తే, ఈ రోజుల్లో మనుషులు నిలవడం లేదని అందరూ బాధపడతారు. నాలుగు వేర్వేరు పనులను కలిపి ఒకే పేరు పెట్టిన సంగతి ఎవరికీ తట్టదు. అసలు ఎవరి కోసం ఈ ఏర్పాటో ఆవిడను ఒక్క మాట అడగలేదన్నది అంతకన్నా తట్టదు.

ముందు ఆ ముడి విప్పుదాం. మనిషి తన ఒంటికి తాను చేసుకునే పనులు చేసుకోలేనప్పుడు ఇంకొకరు అందించే సాయమే వ్యక్తిగత సంరక్షణ. ఆ పనులేమిటో తేల్చడానికి ఇప్పటికీ వాడే ఒక జాబితాను సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 1963లో ప్రచురించారు. అందులో ఆరే ఉన్నాయి: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి శుభ్రం చేసుకుని రావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. కాట్జ్ బృందం గమనించిన ఇంకో సంగతి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఈ శక్తులు ఎలాపడితే అలా పోవు, సాధారణంగా ఒక వరసలో పోతాయి. ముందు స్నానం, అన్నిటికన్నా చివర తినడం. కోలుకునేటప్పుడు వరస తిరగబడుతుంది. పసిపిల్లలు ఒక్కో పనీ నేర్చుకునే క్రమం కూడా ఇంచుమించు ఇదే.

స్నానమే ముందు ఎందుకు పోతుంది? తడి నేల మీద నిలదొక్కుకోవాలి, వంగాలి, వీపుకు చెయ్యి అందాలి, నీళ్ల వేడి తెలియాలి. ఇన్ని ఒకేసారి కుదరాలి. అందుకే "నాన్నగారు బాగానే ఉన్నారు, స్నానమొక్కటే కష్టమవుతోంది" అనే మాటను తేలిగ్గా తీసుకోకూడదు. తొలి గంట సాధారణంగా అక్కడే మోగుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, కూర్చోవడానికి జారని స్టూలు ఆ దశలోనే పెట్టించాలి. పడ్డాక పెట్టిస్తే ఏం లాభం?

రెండో జాబితా 1969లో లాటన్, బ్రాడీ అనే ఇద్దరు పరిశోధకులు తయారుచేసింది. ఫోను వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు. ఇవి ఒంటి పనులు కావు, ఒంటరిగా బతకడానికి కావలసిన పనులు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు మొదటి జాబితాలో సాయం కావాలా, రెండో దాంట్లోనా, రెండింటిలోనూనా అని కాగితం మీద రాసుకోండి. అరగంట పని. పిలవాల్సింది కేర్‌టేకర్‌నా, పనిమనిషినా, ఊరికే తోడుగా ఉండే మనిషినా అన్నది దాంతోనే సగం తేలిపోతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. అందరూ సాయాన్ని గంటల్లో కొలుస్తారు: పన్నెండు గంటల డ్యూటీ, ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని. అవసరం గంటల్లో రాదు, వేళల్లో వస్తుంది. పొద్దున నిద్ర లేచి బాత్రూముకు వెళ్లి తయారయ్యే గంటన్నర, మధ్యాహ్నం తిన్నాక కాసేపు, రాత్రి పడుకునే ముందు కాసేపు. కొందరికి ఈ మూడు వేళల్లో మనిషి ఉంటే చాలు, మిగతా రోజు వాళ్లది. ఇంకొకరు అన్ని పనులూ తామే చేసుకుంటారు, కానీ మతిమరుపు జబ్బు వల్ల అర్ధరాత్రి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతారు. వాళ్లకు స్నానం చేయించే మనిషి అక్కర్లేదు, మెలకువగా ఉండే మనిషి కావాలి.

నర్సు పనికీ దీనికీ గీత ఎక్కడ

తగిన శిక్షణ, అనుమతి లేకుండా చేస్తే ప్రాణం మీదికి వచ్చే చోట నర్సు పని మొదలవుతుంది. ఇంజెక్షన్, లోతైన పుండుకు కట్టు, ముక్కులో గొట్టం వేయడం, మూత్రానికి కాథెటర్ (మూత్రాశయంలోంచి మూత్రం బయటికి తెచ్చే గొట్టం) పెట్టడం నర్సులు చేయాల్సినవి. కాథెటర్ ఉన్న మనిషి యూరిన్ బ్యాగును నిండకముందే ఖాళీ చేయడం, అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడేలా చూడటం కేర్‌టేకర్ చేయగలిగినవి. బ్యాగు పైకి లేస్తే మూత్రం వెనక్కి వెళ్లి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇంత చిన్న సంగతి చెప్పకుండానే చాలామందిని పనిలో పెట్టేస్తున్నారు.

మందుల దగ్గర గీత మరీ సన్నం. వేళైందని గుర్తు చేయడం, డబ్బా మూత తీసి ఇవ్వడం, నీళ్లు అందించడం వ్యక్తిగత సంరక్షణలోకే వస్తాయి. బీపీ తక్కువగా ఉంది కదా, ఈ పూట మాత్ర మానేద్దామా అని తేల్చడం మాత్రం దాంట్లోకి రాదు. ఈ హద్దులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల నర్సు దగ్గరుండి నేర్పించి, తన బాధ్యత మీద కొన్ని పనులు కేర్‌టేకర్‌కు అప్పగించే పద్ధతి కూడా ఉంది. ఎక్కడున్నా సరే, ఎవరు ఏది చేయొచ్చో మొదటిరోజే రాతపూర్వకంగా తేల్చుకోవడం అవతలి మనిషికీ రక్షణే.

ఈ తేడా మీద డబ్బు కూడా ఆధారపడి ఉంటుంది. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. స్నానం, బట్టలు లాంటి సాయం ఒక్కటే కావాల్సి వస్తే మెడికేర్ చెల్లించదు, ఎందుకంటే దాని లెక్కలో అది వైద్యం కాదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉద్దేశించిన మెడికెయిడ్ చెల్లిస్తుంది. ఈ విషయం తెలియక, బీమా ఉంది కదా అని ధీమాగా ఉన్న కుటుంబాలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున కంగుతింటాయి. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణ కోసమే విడిగా బీమా పెట్టాయి. జపాన్‌లో 40 ఏళ్ల నుంచి దానికి ప్రీమియం కట్టాలి. ముసలితనం తనదాకా వచ్చేలోపే అందరూ కలిసి దాచుకోవాలన్నది అందులోని ఆలోచన.

జర్మనీ అనుభవంలో ఒక పాఠముంది. మొదట్లో వాళ్లు ఒంటి పనులకు రోజుకు ఎన్ని నిమిషాల సాయం కావాలో లెక్కగట్టి మూడు స్థాయిలు ఇచ్చారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు ఆ లెక్కలో అన్యాయం జరిగింది. నడుస్తారు, తింటారు, చొక్కా తొడుక్కుంటారు. కానీ పొయ్యి వెలిగించి మరచిపోతారు. 2017లో ఆ నిమిషాల లెక్క తీసేసి, మనిషి శరీరంతోనూ మనసుతోనూ ఎంతవరకు సొంతంగా నెగ్గుకురాగలడో చూసి ఐదు స్థాయిలు పెట్టారు.

చేతుల్లో ఉండే చదువు

పుస్తకాల్లో ఎంత రాసినా ఈ పనిలో తెలివంతా చేతుల్లోనే ఉంటుంది. మా నాన్నకు ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు ఆయనకు చొక్కా తొడగడం నాకు చేతకాలేదు. బాగున్న చేతికి ముందు తొడిగి, పడిపోయిన చేతిని వంచి రెండో దాంట్లోకి దూర్చబోతే ఆయన నొప్పితో పళ్లు బిగించేవారు. ఫిజియోథెరపిస్టు వచ్చి ఒక్క మాట చెప్పాడు: తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. ఆ రోజు నుంచి చొక్కా రెండు నిమిషాల పని అయిపోయింది. ఆ ఒక్క మాట తెలియక నాన్నను మూడు వారాలు బాధపెట్టాను.

ఇలాంటివి చాలానే ఉన్నాయి. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు కుర్చీ బలమైన వైపు ఉండాలి, బ్రేకులు పడి ఉండాలి, మనిషి పాదాలు నేలకు ఆనాలి. పడుకున్నవాళ్లను లేపీ లేపగానే నిలబెట్టకూడదు. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోనివ్వాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. చంకల కింద చేతులు వేసి లాగడం ఎక్కువమంది చేసే తప్పు. పక్షవాతం వచ్చిన భుజం కీలు దాంతో పక్కకు జారే ప్రమాదముంది. లాగేవాళ్ల నడుము కూడా పట్టేస్తుంది.

మంచాన పడ్డవాళ్ల విషయంలో శత్రువు పడక పుండు. ఒకే చోట బరువు ఆనితే ఆ చర్మానికి రక్తం అందదు. త్రికం (నడుము కింద, పిరుదుల పైన ఉండే ఎముక) దగ్గర, మడమల మీద, తుంటి ఎముక మీద మొదలవుతుంది. అందుకే రెండు గంటలకోసారి ఒత్తిగిలించమంటారు. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీలు తిప్పితే మేలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే, పుండు అప్పటికే మొదలైనట్టు. చామనఛాయ, నల్లటి ఒళ్లు ఉన్నవారిలో ఆ ఎరుపు కంటికి ఆనదు. పక్క చర్మంతో పోల్చి వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి. అక్కడ మర్దన మాత్రం చేయొద్దు. ప్రేమతో చేసే ఆ మర్దనే లోపల దెబ్బతిన్న కణజాలాన్ని ఇంకా నలిపేస్తుంది.

తినిపించడం చూడటానికి తేలిక, నిజానికి చాలా జాగ్రత్త కావాల్సిన పని. మనిషి నిటారుగా కూర్చోవాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. పక్షవాతం తర్వాత మింగడం దెబ్బతిన్న చాలామందికి గట్టి పదార్థం కన్నా పలచటి నీళ్లే ప్రమాదం. గొంతులో అదుపు లేకుండా జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక దగ్గు వచ్చినా, గొంతు తడిసినట్టు గరగరమన్నా డాక్టరుకు చెప్పాలి.

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దావిడ స్నానానికి ఎదురు తిరిగిందంటే "మొండికేసింది" అంటారు. ఆవిడ వైపు నుంచి చూడండి. చలిగా ఉంది, ఎవరో కొత్త మనిషి బట్టలు విప్పుతోంది, నెత్తిన నీళ్లు పడుతున్నాయి. ఎవరైనా ఎదురు తిరుగుతారు. పెద్ద తువ్వాలు కప్పి, కడిగే భాగం మాత్రమే తీస్తూ, పాదాల నుంచి మొదలుపెట్టి తల చివరికి ఉంచితే గొడవ చాలావరకు తగ్గుతుంది. రోజూ తలారా స్నానం వైద్యపరంగా తప్పనిసరి కాదు. ముఖం, చేతులు, చంకలు, మర్మాంగాలు శుభ్రంగా ఉంచి, మిగతా ఒళ్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు.

సాయం ఎక్కువైతే

మంచి కుటుంబాలే ఎక్కువగా చేసే తప్పు గురించి చెప్పాలి. బొత్తాలు పెట్టుకోవడానికి నాన్నకు పది నిమిషాలు పడుతుంది. కేర్‌టేకర్‌కు అర నిమిషం. ఆయన కష్టపడుతుంటే చూడలేక మనమే పెట్టేయమంటాం. నెల తిరిగేసరికి ఆయన వేళ్లకు ఆ పని మరుపు వస్తుంది.

ఆవర్న్, లాంగర్ అనే పరిశోధకులు 1982లో వృద్ధాశ్రమవాసులతో చేసిన ప్రయోగం ఇదే చూపించింది. బొమ్మ ముక్కలను (జిగ్‌సా పజిల్) సరిగ్గా పేర్చే పనిని కొందరికి చేతులు పట్టి సాయం చేస్తూ ఇచ్చారు, కొందరికి మాటతో ఉత్సాహపరిచి వదిలేశారు. సాయం అందుకున్నవాళ్ల పనితనం తగ్గింది, ఉత్సాహం అందుకున్నవాళ్లది పెరిగింది. శరీరం సంగతి ఇంకా కఠినం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచంలోనే ఉంచి చూసిన 2007 నాటి అధ్యయనంలో, ఒక్కొక్కరి కాళ్లలో సగటున దాదాపు కిలో కండ కరిగిపోయింది. పది రోజులకే! "పాపం, విశ్రాంతి తీసుకోనీ" అనే మాట వెనకున్న ఖర్చు అది.

డెన్మార్క్‌లో ఫ్రెడెరిషియా పట్టణం 2008లో ఈ ఆలోచనతోనే పద్ధతి మార్చింది. సాయం అడిగినవారికి వెంటనే మనిషిని కేటాయించే బదులు, కొన్ని వారాలు ఇంటికి వచ్చి ఆ పని మళ్లీ సొంతంగా చేసుకునేలా తర్ఫీదు ఇవ్వసాగింది. అవసరం మిగిలితే అప్పుడు మనిషి. ఆ దేశంలో స్థానిక సంస్థలన్నీ ముందుగా ఈ అవకాశం పరిశీలించాలని 2015లో చట్టమే వచ్చింది. అందరికీ ఇది పనికిరాదు. రోజురోజుకీ క్షీణించే జబ్బులో "నువ్వే చేసుకో" అనడం క్రూరత్వం అవుతుంది. ఎక్కడ చెయ్యి వేయాలో, ఎక్కడ తీయాలో తెలిసినవాళ్లే మంచి కేర్‌టేకర్లు.

వికలాంగుల మాట వేరు

వృద్ధులకూ వికలాంగులకూ అందే సాయం పైకి ఒకేలా కనిపిస్తుంది. అదే స్నానం, అదే వీల్‌చైర్. కానీ ముప్పై ఏళ్ల మనిషి వెన్నెముక దెబ్బతిని మెడ కింద కదలిక లేకపోయినా ఉద్యోగానికి వెళ్లాలి, స్నేహితులను కలవాలి, అలసిన రోజు ఆలస్యంగా లేవాలి. ఆ మనిషి రోగి కాదు.

ఈ మాటను లోకం వినేలా చెప్పినవారిలో ఎడ్ రాబర్ట్స్ ముందుంటాడు. 14వ ఏట పోలియో వచ్చి మెడ కింది భాగం చచ్చుబడింది. రాత్రిళ్లు ఊపిరి కోసం ఇనుప యంత్రంలో పడుకునేవాడు. 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో చేరాడు. ఆయన, ఆయన మిత్రులు కలిసి 1972లో అక్కడ స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: నేను నా చొక్కా తొడుక్కోలేకపోవచ్చు, ఏ చొక్కా తొడుక్కోవాలో చెప్పగలను. సాయం చేసే మనిషిని ఎంచుకోవడం, నేర్పించడం, కుదరకపోతే మార్చడం నా హక్కు. స్వీడన్‌లో అడాల్ఫ్ రట్జ్‌కా 1984లో స్టాక్‌హోమ్‌లో ఇదే బాటలో వికలాంగుల సహకార సంఘం మొదలుపెట్టాడు. తర్వాత 1994లో అమల్లోకి వచ్చిన స్వీడన్ చట్టం వ్యక్తిగత సహాయకులను పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం, ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వాళ్లదేనని చెబుతుంది.

ఇది కేవలం గౌరవం గొడవ కాదు, ప్రాణం గొడవ కూడా. ఛాతీ పైభాగంలోగానీ, మెడ దగ్గరగానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండిపోతేనో, కాథెటర్ మడత పడితేనో బీపీ ఒక్కసారిగా ప్రమాదస్థాయికి ఎగబాకుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖానికి చెమటలు. వెంటనే కూర్చోబెట్టి, కాథెటర్ గొట్టం సరిచూసి, తగ్గకపోతే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లాలి. దీని గురించి ఆ మనిషికి తెలిసినంతగా కొత్తగా వచ్చిన కేర్‌టేకర్‌కు తెలియదు. అలాంటప్పుడు ఎవరు ఎవరి మాట వినాలి?

వికలాంగులు పోరాడి సంపాదించిన ఈ పెత్తనాన్ని మనం ముసలివాళ్లకు మాత్రం ఇవ్వడం లేదు. ఎనభై ఏళ్ల ఆవిడకు జుట్టు కత్తిరించాలా వద్దా అన్నది పిల్లలు తేల్చేస్తారు, తల దువ్వడం తేలికవుతుందని. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏజెన్సీయా, మనమే పెట్టుకోవడమా

ఏజెన్సీ ద్వారా వస్తే, ఒకరు రాకపోతే ఇంకొకరిని పంపడం, శిక్షణ, పూర్వాపరాలు చూడటం వాళ్ల బాధ్యత. కానీ వారానికో కొత్త ముఖం వచ్చే ప్రమాదముంది, ఒంటి సాయంలో అది పెద్ద బాధ. ప్రతిసారీ కొత్త మనిషి ముందు బట్టలు విప్పుకోవాలి మరి. నేరుగా పెట్టుకుంటే మనిషి కుదురుతుంది, నమ్మకం పెరుగుతుంది. అయితే యజమాని మీరే అవుతారు. జీతం, వారపు సెలవు, జబ్బు చేస్తే సెలవు, ఆమె రాని రోజుకు ప్రత్యామ్నాయం అన్నీ మీ నెత్తినే ఉంటాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం ఇళ్లలో పనిచేసేవారికి వారానికి వరసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని పెట్టి, రాత్రి మూడుసార్లు లేపి, పొద్దున్నే చురుగ్గా ఉండమనడం ఎవరి శరీరానికైనా అసాధ్యం. నిద్ర లేని చేతుల్లోంచే మనుషులు జారిపడతారు. రాత్రి సాయం నిజంగా అవసరమైతే రెండో మనిషి కావాలి, లేదా ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలి.

ఏ పద్ధతైనా ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎంత తిన్నారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, చర్మం మీద కొత్తగా ఏమైనా కనిపించిందా, మనసు ఎలా ఉంది. రోజుకు నాలుగు వాక్యాలు చాలు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ నాలుగు వాక్యాలకున్న విలువ ఇంకే రిపోర్టుకూ ఉండదు. ఒంటి మీద కారణం తెలియని కమిలిన మచ్చలు, ఒకరిని చూడగానే బెదరడం, సంతకాలు, నగలు, డబ్బు విషయంలో తేడాలు కనబడితే మాత్రం నోట్‌బుక్‌తో ఆగకండి. ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. దౌర్జన్యం చేసేది ప్రతిసారీ బయటి మనిషే అయివుండదు, అలసిపోయిన ఇంటి మనిషి కూడా కావచ్చు. ఆ అలసట గురించి ముందే మాట్లాడుకునే ఇళ్లలో పరిస్థితి చెయ్యి చేసుకునేదాకా రాదు.

మొదటిరోజు కేర్‌టేకర్ వచ్చినప్పుడు మీరు పనుల జాబితా చదివేముందు, మంచం పక్కన కుర్చీ వేసి, ఆమెను పెద్దావిడ కళ్లకు ఎదురుగా కూర్చోనివ్వండి. ఏమని పిలవమంటారు? ముఖం ముందు కడగనా, కాళ్లా? ఏ చెయ్యి పట్టుకుంటే నొప్పి? మీరు ఏది సొంతంగా చేసుకుంటారు, దేనికి నన్ను పిలుస్తారు? మాట రానివాళ్లయితే కళ్లు, చెయ్యి బిగింపు జవాబు చెబుతాయి, కాస్త ఆగితే. బాత్రూములో ఉన్నప్పుడు తలుపు వేయమంటారా, ఓరగా ఉంచమంటారా?